వన్స్ మోర్

వేలంపాటలు అయిపోయి
చివరి బేలు లారీ ఎక్కాక
కందుకూరు బైపాసు పక్కన మా పొగాకు గోడౌనుకి
నాటకాలొస్తాయి.

శనివారం పద్యనాటకం, ఆదివారం పాత సినిమా.
ఎనిమిది వారాలు. సీజను టికెట్టు నూటయాభై.
బోర్డు మీద సుద్దముక్కతో రాసేది నేనే,
గేటు దగ్గర టికెట్టు చించేదీ, తెర తాడు లాగేదీ నేనే,
వానొచ్చి రేకులు మోగితే
గొంతు పెంచమని యాక్టర్లకి సైగ చేసేదీ నేనే.

గోడలకింకా ఘాటు పోలేదు.
రాజుగారు సభలోకి రాగానే
ముందు వరసంతా తుమ్ముతుంది.
ఆయన అలవాటుగా ఆగి
తుమ్ములయ్యాక కిరీటం సర్దుకుని మొదలుపెడతాడు.

గ్రేడింగుకొచ్చే ఆడోళ్లు
ఏ స్తంభం కాడ కూచుని ఆకు ఏరారో
ఆ స్తంభం కాడే కూచుంటారు, చూడ్డానికి కూడా.
చోటు మారితే కథ ఎక్కదంట. బుజ్జమ్మ మాట.

పెంచలమ్మ వయసు ఎవరూ అడగరు.
మీసం అతికిస్తే రాజు, పీకేస్తే రాజమాత.
మాలకొండయ్య హార్మోనియం తిత్తి ఊది శ్రుతి ఇస్తే
ఆమె తీసే రాగానికి
బయట పునుగుల బండోడు గరిటె ఆపేవాడు,
నూనె మాడినా.

మూడో శనివారం
పద్యం మూడు పాదాలు దాటింది, నాలుగోది రాలేదు.
నోరు తెరిచే ఉంది.
మాలకొండయ్య ఒకే మెట్టు మీద వేలు పెట్టి
సింగరాయకొండలో రైలు గేటు పడ్డప్పుడు బండ్లు ఆగినట్టు
అట్టాగే ఉండిపోయాడు.
దించాలా వద్దా, తాడు నా చేతిలో.

అప్పుడు మూడో స్తంభం కాణ్ణించి బుజ్జమ్మ
"వన్స్ మోర్!"

పూర్తికాని పద్యానికి వన్స్ మోరేందే తల్లీ?
ఎవరూ నవ్వలేదు.
వన్స్ మోర్, అన్నాయి మిగతా స్తంభాలు.
పెంచలమ్మ మొదటి పాదం నించి ఎత్తుకుంది,
మూడు దగ్గరే ఆగింది.
మళ్లీ వన్స్ మోర్.
ఆ రాత్రి నాలుగో పాదం రంగస్థలం ఎక్కనేలేదు,
సైకిళ్ల మీద పోతా పోతా జనమే పాడుకున్నారు.

తెల్లారి ఆదివారం. నలుపు తెలుపు సినిమా.
అందులో సంత సీనులో ఒకమ్మాయి
మజ్జిగ కుండ నెత్తినెట్టుకుని
ఎడమ నించి కుడికి పోతుంది. మూడు సెకన్లు.
పదహారేళ్ల పెంచలమ్మ.
మద్రాసు బండెక్కి పదకొండు రోజులు పడిగాపులు కాస్తే
మిగిలింది అంతే.
ఏటా ఆ ముక్క రాగానే జనం అరుస్తారు,
ఖాజావలి మిషను ఆపి, చేత్తో వెనక్కి తిప్పి
ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మళ్లీ నడిపిస్తాడు.

ఈసారి ఎవరూ ఆపలేదు.
అయిదుసార్లు. ఆరు.
కుండ తొణకలేదు.
ఏడోసారి ఫిలిం ఇరుక్కుంది.
అమ్మాయి తెర నడిమధ్యలో నిలబడింది,
నడుం దగ్గర గోధుమరంగు బుడగ లేచింది,
ఆ తర్వాత ఉత్త వెలుతురు.

కాలింది కొంచెమే.
కానీ ఏడుసార్లకి పక్క చిల్లులన్నీ చిరిగాయి.
ఖాజావలి కత్తెర తీశాడు, రెండు కొసలూ అతికించాడు.
సంత మళ్లీ సాగింది
మజ్జిగ లేకుండా.

గేటు మూసేటప్పుడు చూశా.
రెండు మూరల ముక్క
వక్కాకు సంచిలోంచి తీసి
బల్బు కింద ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి చూస్తా ఉంది.
"నడక బాగుండాదా అబ్బయా?"

యాడ నడుస్తున్నావమ్మా, నిలబడి గదా ఉండావు,
అనబోయి
చిల్లర డబ్బా సర్దుకున్నా.

ఆమె పెదాలు కదులుతున్నాయి.
దగ్గరికి పోతే తెలిసింది, నాలుగో పాదం.

తాళం చప్పుడు కాకుండా వేశా.